ఇరవై ఒక్క లక్షల చుక్కలు తక్కువ

మూడు జిల్లాలు, ఒక పంతం, ఒక ఘోరమైన మోసం, తండ్రి నోట ధర్మబోధ. మహాకావ్యానికి సరిపోయే సరుకంతా ఇందులో ఉంది. కాకపోతే పంతం నాది, మోసం కూడా నాకు నేనే చేసుకున్నది, గొడవంతా ఒక కంప్యూటర్ స్క్రీన్ గురించి. కావ్యం కోసం వచ్చినవాళ్లు ఈ స్టాపులోనే దిగిపోవచ్చు.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. బచ్చన్నపేట నుంచి రోజూ బస్సులు మారుతూ తొర్రూరులోని ఒక ఫొటో స్టూడియోకు పోయేవాణ్ణి. నడుము అరిగిపోయాక, ఇంటి నుంచే చేస్తానని ఓనరన్నను అడిగాను.

"సోమవారం మూడు షీట్లు తెచ్చి చూపియ్యి. మొఖాలు సాఫ్‌గ ఉంటే ఇంట్లనే చేస్కో. లేకుంటే బస్సే నీకు దిక్కు" అన్నాడు.

ఆల్బమ్ షీటు మూడడుగుల పొడవు, అడుగు ఎత్తు. ఇంట్లో ఉన్న పాత స్క్రీన్ మీద అది రిబ్బన్ ముక్కలా కనపడేది. అందుకే అల్ట్రావైడ్, అంటే అడ్డంగా బాగా పొడుగుండే స్క్రీన్, కావాలని పట్టుబట్టాను. భూపాలపల్లి దిక్కు చిట్యాలలో ఒకాయన ముప్పై నాలుగు అంగుళాలది అమ్ముతున్నాడని తెలిసి, నాన్నను, అదే మా బాపును, వెంటబెట్టుకుని పోయాను.

హద్దులు కొలవందే గుంట భూమి కూడా కొనని ఇల్లు మాది. మూల నుంచి మూలకు టేపు పెట్టి నేనోసారి కొలిచాను. నా మీద నమ్మకం లేక బాపు ఇంకోసారి కొలిచాడు. సరిగ్గా ముప్పై నాలుగు. అమ్మేవాడు బిత్తరపోయి చూశాడు. "మోసం లేదురా" అని బాపు తీర్పు చెప్పాడు.

దుప్పటిలో చుట్టి, బస్సులో ఇద్దరి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాం.

"ఏం పెద్దాయనా, గదేంది, దర్వాజనా?" అన్నాడు కండక్టర్.

"కంప్యూటరు బిడ్డా. జర పైలంగ దాటిపో" అన్నాడు బాపు.

ఇంటికొచ్చి తగిలించాక సెట్టింగ్స్‌లో అడ్డం 2560, నిలువు 1080 అని కనపడింది. ఇంత పెద్దదానికి 3440, 1440 ఉంటాయని ఊహించుకున్నాను. అమ్మినాయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫోన్‌లో గుణించాను. నేననుకున్నవి 49,53,600 చుక్కలు, పిక్సెళ్లంటారే, అవి. వచ్చినవి 27,64,800. తక్కువ పడ్డవి 21,88,800. అడ్డం 1920, నిలువు 1080 ఉన్న నా పాత స్క్రీన్ మొత్తం కలిపితేనే 20,73,600. అంటే పోయినవాటితో నా పాత స్క్రీన్ మొత్తం నిండి, పైన ఇంకా మిగులుతాయి! తెరిచిన నోరు చాలాసేపు మూయలేదు. ఒక ఈగ వచ్చి, లోపలికి చూసి, నచ్చక పోయింది.

"ఏమైందిరా?" అన్నాడు బాపు. చెప్పాను. ఆయన పత్తికి అచ్చు తోలే మనిషి. చేనుకు నిలువూ అడ్డమూ గీతలు గీసి, అవి కలిసిన చోటల్లా గింజ పెడతాడు.

"పాతదాంట్ల కిందికి ఎన్ని సాళ్లు?"

"వెయ్యి ఎనభై."

"గీండ్ల?"

"వెయ్యి ఎనభయ్యే."

"ఎత్తు పెరిగింది గదరా?"

"పెరిగింది బాపూ."

"గట్లయితే దూరం దూరం అచ్చు తోలిన్రు. హద్దులు గొలిస్తిమి గని మొక్కలు లెక్కవెట్టకపోతిమి" అంటూ కింద కూలబడ్డాడు. నాకంటే ఆయనకే దెబ్బ గట్టిగా తగిలింది. పుట్టినప్పటి నుంచి పత్తి చేలో ఉన్న మనిషి, ఎన్ని సాళ్లన్న ఆ ఒక్క ప్రశ్న చిట్యాలలో అడగలేదు.

దగ్గరికి జరిగి చూస్తే పెళ్లికూతురి బుగ్గ మీద చుక్కలు గళ్లుగళ్లుగా కనపడ్డాయి. ఇక జీవితాంతం బస్సేనని ఖాయం చేసుకుని, మూడు షీట్లు ఎలాగో ముగించి సోమవారం తొర్రూరు పోయాను.

"అన్నా, ముందే చెప్తున్న. నా స్క్రీన్‌ల ఇరవై ఒక్క లక్షల చుక్కలు తక్కువున్నయ్."

ఓనరన్న నా పెన్‌డ్రైవ్ తన కంప్యూటర్‌కు పెట్టి షీటు తెరిచాడు. పెళ్లికూతురి ముక్కు స్క్రీన్ నిండేదాకా పెద్దది చేశాడు. తర్వాత బుగ్గ, కన్ను, అత్తగారి గదవ.

"నీ స్క్రీన్ ఎవనికి కావాల్రా? ప్రింటుకు పోయేది ఫైలు. గీ ఒక్క షీటుకే మూడు కోట్ల ఎనభై ఎనిమిది లక్షల చుక్కలు. ఏ స్క్రీన్‌ల పడ్తయ్ గవి? మొఖాలు సాఫ్ ఉన్నయ్. ఇంట్లనే చేస్కో."

అప్పుడు చూశాను, ఆయన చూస్తున్న స్క్రీన్‌ను. నా పాతదానికంటే చిన్నది. రెండేళ్లు దాని పక్కనే కూర్చున్నాను.

ఫైలులోని ఒక చుక్క స్క్రీన్ మీద ఒక చుక్కగా కనపడాలంటే కీబోర్డు మీద కంట్రోల్ పట్టుకుని 1 అంకె నొక్కాలి. అది నా పాత స్క్రీన్ మీద కూడా పనిచేస్తుంది, చిట్యాల దాకా పోనక్కర్లేదు.