రట్లండ్‌లో చెడిన టేపు

స్లో ఫెర్రీ గొప్పదా, టిన్ కెటిల్ గొప్పదా అని ఎవరైనా అడిగితే నేను మర్యాదగా జవాబు చెప్పలేను, ముందే చెబుతున్నా. ఇరవై నిమిషాలు తీగలు సవరించుకుని దాన్నే పాట అనుకోమనే బాపతు స్లో ఫెర్రీ. మా టిన్ కెటిల్ అలా కాదు, మొదటి దెబ్బకే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. రెండు బ్యాండ్లూ అమెరికాలో మా వెర్మాంట్ రాష్ట్రానివే. నిన్న వాయించిన పాట ఇవాళ అలాగే వాయించవు, మధ్యలో ఎటు తోస్తే అటు పోతాయి. అందుకే మాలాంటి పిచ్చివాళ్ళం ప్రతి షోకీ మైకులు మోసుకుపోయి టేపులు చేసుకునేవాళ్ళం, ఒకళ్ళకొకళ్ళం మార్చుకునేవాళ్ళం, గేటు తీసేదాకా పార్కింగ్‌లో కూర్చుని కొట్టుకు చచ్చేవాళ్ళం. తొంభైల నాటి మాట ఇది. అందరి చేతిలోనూ క్యాసెట్టే.

ఆ కొట్లాటలో అవతలి పక్షానికి పెద్ద వెండెల్ ప్రౌటీ. చలికాలమంతా ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మంచు కరిగిందంటే స్లో ఫెర్రీ ఎక్కడుంటే అక్కడ. ఆ బ్యాండంటే చెవి కోసుకుంటాడు, టిన్ కెటిల్ పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తాడు. వంటసామాను మెట్ల మీంచి దొర్లితే వచ్చే మోతకి టిక్కెట్టు కొంటున్నావురా గస్, అనేవాడు నన్ను. నేను ఊరుకుంటానా? మీవాళ్ళ పాట మొదలయ్యేలోపు నా గడ్డం మోకాళ్ళ దాకా వచ్చింది అనేవాణ్ణి. పక్కన చీజ్ రొట్టెలు కాల్చి అమ్మేవాళ్ళు మా గొడవకి జనం పోగవుతారని మాకు దగ్గరగానే పొయ్యి పెట్టేవాళ్ళు.

ఒక్క విషయంలో మాత్రం నేను కూడా నోరెత్తను. వెండెల్ చేసిన టేపుకి సాటి లేదు. అందులో దగ్గు వినపడదు, ఈల వినపడదు, పక్కవాడి పిచ్చి కేక వినపడదు. మైకు స్టాండు దగ్గర ఎవరైనా నోరు విప్పితే పెదాల మీద వేలు పెట్టి ఒక్క చూపు చూసేవాడు. ఎంత తాగినవాడైనా ఆ చూపుకి గప్‌చుప్. ఆ వేలు అందరికంటే ఎక్కువసార్లు చూసింది వాళ్ళావిడ నోరీన్.

నోరీన్‌కి మాట్లాడకపోతే ఒంట్లో బాగుండదు. చిటికెడు చక్కెర అడగడానికి వచ్చి మీ అమ్మమ్మ మోకాలి ఆపరేషన్ దాకా వెళ్ళేది. అలాంటి మనిషి స్లో ఫెర్రీ షోలో వెండెల్ పక్కన మడత కుర్చీలో కూర్చుని, ఊలు అల్లుకుంటూ, షో అయ్యేదాకా కిక్కురుమనేది కాదు. మొదట్లో వేలు చూపించాల్సి వచ్చేదట, తర్వాత్తర్వాత ఆ అవసరం కూడా లేకపోయింది. నాకైతే చూస్తుంటేనే ఊపిరాడేది కాదు.

ఒక్కసారి మాత్రం, ఆకులు రాలే రోజుల్లో, రట్లండ్ సంత మైదానంలో టిన్ కెటిల్ షోకి నా వ్యానెక్కి వచ్చింది. వెండెల్ చచ్చినా రానన్నాడు. సరిగ్గా నా మైకుల కిందే నిలబడి మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా చుట్టుపక్కల వాళ్ళందరితోనూ వాదన పెట్టుకుంది. నేను వేలూ చూపించలేదు, పాడూ లేదు. ఆవిడ ముఖం అంత వెలిగిపోతుంటే ఎవరాపుతారు? టేపు సర్వనాశనం అయింది. ఎవరికి పంపినా తిప్పి పంపారు. ఇది తెలిసి వెండెల్ పగలబడి నవ్వాడు. మా ఆవిడ నీకు తగిన శాస్తి చేసిందిరా అన్నాడు. వినమని ఇవ్వబోతే చెయ్యి కూడా చాపలేదు, టిన్ కెటిల్ తన ఇంట్లో మోగదట.

ఫిబ్రవరిలో నోరీన్ గుండె ఆగి చనిపోయింది. వెండెల్ అప్పుడు రోడ్డు మీద మంచు తోస్తున్నాడు.

జూన్‌లో స్లో ఫెర్రీ మొదటి షో. మధ్యాహ్నమే పార్కింగ్ నిండింది. వెండెల్ వచ్చాడు కానీ బండిలోంచి మైకులు దించలేదు. కాలుగాలిన పిల్లిలా ఈ కారు దగ్గర్నుంచి ఆ కారు దగ్గరికి తిరుగుతున్నాడు, ఎక్కడా నిలబడడు, ఎవరి ముఖమూ చూడడు. రొట్టె కొని చేతిలో పెడితే దాన్ని అలాగే పట్టుకుని ఇంకో చుట్టు తిరిగొచ్చాడు. మనిషిని కాస్త కదిలిద్దామని గొడవకి దిగాను. పోయిన వారం రిహార్సల్లో మీవాళ్ళు వాయిస్తూనే ఓ కునుకు తీశారటగా అన్నాను.

"అయ్యుంటుంది" అన్నాడు.

నాకు భయమేసింది. వెండెల్ నోట ఆ మాట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు. చెయ్యి పట్టుకుని వ్యాను మెట్టు మీద కూలేశాను. కూర్చున్నాడు గానీ మోకాలు ఆడుతూనే ఉంది.

"గోడ నిండా టేపులున్నాయిరా గస్. అన్నీ విన్నా. దేంట్లోనూ లేదు."

"ఏం లేదు?"

"నోరీన్. అన్నిట్లో నా పక్కనే కూర్చుని ఉంది. ఒక్క మాట లేదు." చేతిలో రొట్టె మెట్టు మీద పెట్టేశాడు. "ఫోను ఆన్సరింగ్ మిషన్లో ఉన్నది కూడా నా గొంతే. రాన్రానూ ఆవిడ గొంతు నాకు గుర్తు రావట్లేదురా. మాటలు గుర్తున్నాయి, గొంతు రావట్లేదు."

ఆ తర్వాత రట్లండ్ టేపు ఉందా అని అడిగాడు.

ఎవరికీ అక్కర్లేని టేపుని మేమెవరం దాచుకోం, దాని మీదే కొత్త షో ఎక్కించేస్తాం. ఎక్కించానో లేదో నాకు జ్ఞాపకం లేదు. ఆ సంగతి వెండెల్‌కీ తెలుసు, అందుకే ఇన్ని నెలలూ అడగడానికి జంకాడు. వ్యాన్లో సీట్ల కింద, చెప్పుల పెట్టెలో, టైరు వెనకాల ఎన్ని ఉంటే అన్ని బయటికి లాగాను. ఒక్కొక్కటీ పెట్టడం, కాదని తీసెయ్యడం. వెండెల్ లోపల కూర్చోలేక వ్యాను చుట్టూ తిరుగుతున్నాడు, పాట మారినప్పుడల్లా తలుపులోంచి తొంగి చూస్తున్నాడు, నేను అడ్డంగా తల ఊపుతున్నాను. అవతల గేటు తీశారు, జనం లోపలికి పోతున్నారు. నువ్వూ పో అంటే వెండెల్ నన్ను కసిరాడు.

చివరికి ఒకటి దొరికింది, పేరు కొట్టేసి ఉంది. ఒక వైపు పెడితే మే నెల షో. ఎక్కించేశాను. నన్ను నేను తిట్టుకుంటూ రెండో వైపు తిప్పాను. రట్లండ్. పాటకీ పాటకీ మధ్య జనం గోల, ఎవడో ఈల, ఆ వెంటనే మైకుని మింగేసేంత దగ్గరగా నోరీన్.

వెండెల్ లోపలికి ఎప్పుడొచ్చాడో చూడలేదు. మైదానంలో స్లో ఫెర్రీ మొదటి పాట ఎత్తుకుంది, మెల్లగా, వాళ్ళ పద్ధతిలో. వెండెల్ ఆ చప్పుడు కలవకుండా వ్యాను తలుపు లాగి మూసేశాడు.

టేపులో ఎవరో కుర్రాడు ఏ బ్యాండు గొప్పదంటావమ్మా అని అడుగుతున్నాడు.

"మ్యూజిక్ అంటే స్లో ఫెర్రీదే బాబూ. మా ఆయన ఊరికే అనడు. కానీ అక్కడ నేను నోరు విప్పకూడదు. ఇక్కడ చూడు, ఎంత హాయిగా మాట్లాడుకుంటున్నామో. మా ఆయనే గనక ఇప్పుడిక్కడ ఉండుంటే..."

సరిగ్గా అక్కడ మావాళ్ళు డ్రమ్ముల మీద పడ్డారు. వంటసామాను మెట్ల మీంచి దొర్లినట్టే ఉంది, కాదనను. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది, గొంతు తెలుస్తోంది గానీ ఒక్క ముక్క అర్థం కావట్లేదు.

వెండెల్ స్పీకరు వైపు వంగాడు. వేలు పెదాల మీద పెట్టుకుని ఆ చూపు చూశాడు, టిన్ కెటిల్ వైపు.

వాళ్ళు ఆపలేదు. ఆపండిరా వెధవల్లారా అని నేనే అరిచాను, నా బ్యాండుని, నా నోటితో. వెండెల్ వేలు తియ్యకుండానే రెండో చేత్తో వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాను.