పదిహేడో ఆప్షన్‌లో సముద్రం

నేనొకసారి నలుగురు పిల్లల భవిష్యత్తును తలకిందులుగా పేర్చి, కదలకుండా బిగించి, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని టీ తాగాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. పైగా ఆ పని చేస్తున్నంతసేపూ నాకంటే తెలిసినవాడు పలాస నుంచి టెక్కలి దాకా లేడని గట్టిగా నమ్మాను. ఆ ప్రమాదం ఎలా తప్పిందో చెబుతాను. నా పరువు ఎక్కడ తప్పిపోయిందో మధ్యలో మీకే తెలుస్తుంది.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నేను పలాసలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ని. ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచి, "ఇంటర్ తర్వాత ఎక్కడ చేరాలో పిల్లలకు సలహా చెప్పడానికి కాలేజీకొకరు ఉండాలట. విశాఖలో ఒకరోజు శిక్షణ. మీకు క్లాసులు తక్కువ కదా" అన్నారు. చివరి వాక్యం వినిపించుకోకుండా, నా ప్రతిభను గుర్తించారని మురిసిపోతూ వెళ్లాను.

పొద్దున్నంతా శ్రద్ధగా విన్నాను. లోకం మారిపోయిందన్నారు. నిజమే. మా రోజుల్లో ఫైలు చంకన పెట్టుకుని కౌన్సెలింగ్ కేంద్రం దగ్గర గంటలకొద్దీ నిలబడితే, మిగిలిన సీట్లేవో చూపించి "బేగి సెప్పు బాబూ" అనేవారు. ఇప్పుడంతా ఇంట్లోంచే. కోరిన కాలేజీలను వరసగా కంప్యూటర్లో పెట్టడం, వాటిని కదలకుండా ఫ్రీజ్ చేయడం, సీటు కోసం ఎదురుచూడడం. కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి పరీక్ష. తోక చివర డేటా అనో, ఏఐ అనో తగిలించుకున్న కొత్త కోర్సులు. అన్నీ రాసుకున్నాను. ఆ కాలేజీల వరసను ఎలా పెట్టాలన్నది మాత్రం మధ్యాహ్నం చెప్పారు. మధ్యాహ్న భోజనంలో గుత్తివంకాయ పెట్టారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా మతి చదువు దాకా కూడా రాలేదు, వంకాయ దగ్గరే ఆగిపోయింది. మెలకువ వచ్చేసరికి సర్టిఫికెట్లు పంచుతున్నారు.

తిరిగొచ్చాక, నిద్రలో పోయిన భాగాన్ని సొంత తెలివితో పూరించుకున్నాను. "ఆప్షన్లు పెట్టడమంటే మెట్లెక్కడం లాంటిది. తప్పకుండా వచ్చే సీటు ముందు పెట్టాలి. కొంచెం కష్టమైనది దాని తర్వాత. మనసులో ఉన్న కల అన్నిటికన్నా చివర. దేవుడు గుడి మెట్ల చివర్నే కదా ఉంటాడు" అని బైపీసీ పిల్లలకు చెప్పాను. వాళ్లు నోళ్లు తెరిచి విన్నారు. అది గౌరవమనుకున్నాను.

మంచి ర్యాంకులొచ్చిన నలుగురికి ఆప్షన్లు నేనే దగ్గరుండి పెట్టించాను. అందులో నూకరత్నం ఒకతి. బారువ దగ్గర వేటకెళ్లే కుటుంబం. తండ్రి దానయ్యకు ఒక చిన్న పడవ, తల్లి గంగమ్మ చేపలు అమ్ముతుంది.

"నీకేం కావాలమ్మా?" అని అడిగాను.

"మత్స్యశాస్త్రం సారూ. ప్రభుత్వ కాలేజీలో."

"మంచి కోరిక" అని మెచ్చుకుని, దాన్ని పదిహేడో ఆప్షన్‌గా పెట్టాను. మొదటి ఆప్షన్‌గా ఎక్కడో రెండు జిల్లాల అవతల ఎవరూ అడగని ఒక ప్రైవేటు కాలేజీలో తోటల పెంపకం కోర్సు పెట్టాను. ఆ పిల్ల ఏదో అనబోయి ఆగింది. నేను ఫ్రీజ్ నొక్కాను.

ఆప్షన్లు మార్చుకోవడానికి చివరి రోజు ఆదివారం వచ్చింది. సాయంత్రం ఐదింటి దాకా గడువు. నాకా గడువుతో పనేముంది? నా పని అయిపోయింది. నూకరత్నం తల్లిదండ్రులకు ఆ కాగితం స్వయంగా అందించి, వాళ్లు దండం పెడితే "అంతా పిల్ల కష్టమే" అనాలన్న కోరికతో బండి తీసి, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుంటూ మధ్యాహ్నానికి బారువ చేరాను.

గంగమ్మ ఇసకలో పరిచిన వలపట్టా మీద వేలెడంత నెత్తళ్ల చేపలు ఆరబోస్తోంది. పక్కనే నూకరత్నం. నేను కాగితం విప్పి, మెట్ల సిద్ధాంతం అంతా వినిపించాను. గంగమ్మ చేతులు దులుపుకుని అడిగింది.

"ఏటి సారూ, ఆ కంపూటరు మొదట్నించి సూత్తాదా, ఆకర్నించి సూత్తాదా?"

"మొదటి నుంచే."

"దొరికింది ఇచ్చీసినాక మరింక సూడదు కదా?"

"ఎందుకు చూస్తుంది? సీటు వచ్చేసింది కదా."

"మరి వంజరంలాటి పెద్ద సేప కావాలన్నోడు ముందల వంజరమే అడగాల కదా సారూ. నెత్తళ్లడిగి బుట్టలో ఏయించుకున్నాక, ఇప్పుడు వంజరమెట్టమంటే ఎవులెడతారు?"

నేను జాలిగా నవ్వాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే ఏమిటో ఆ క్షణంలో నా ముఖం ఎవరైనా ఫోటో తీసి ఉంటే తెలిసేది. అప్పుడు నూకరత్నం నెమ్మదిగా అంది.

"అమ్మ సెప్పిందే నిబందనల కాగితంలో ఉంది సారూ. రేత్రి సదివాను. మీకు సెప్పడానికి బయమేసింది."

నా నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. విశాఖలో ఇదే పని చేసే నా పాత స్నేహితుడు సూరిబాబుకు ఫోన్ చేశాను.

"ఒరే సూరీ, ఆప్షన్లలో సులువుగా వచ్చేది ముందు పెట్టాలి కదా?"

"ఎందుకు?"

"మెట్లెక్కినట్టు ఉంటుందని."

"పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు మొదట ఏది అందితే అది ఇచ్చేస్తుందిరా. కింద ఏముందో చూడనే చూడదు. ఎవడు చెప్పాడు నీకు ఈ మెట్ల సంగతి?"

"ఇక్కడొకాయన."

"పిల్లల్ని ఆయన దగ్గరికి పంపకు."

"ఇప్పటికే నలుగురు వెళ్లారు" అన్నాను.

అప్పటికి రెండు దాటింది. ఫ్రీజ్ తీయాలంటే దరఖాస్తులో ఇచ్చిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ముగ్గురి ఫోన్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. నందిగాం కుర్రాడు జీడితోటలోంచి ఎత్తి, "మీరే కదా సారూ అలా పెట్టమన్నారు" అన్నాడు. "అవును, ఇప్పుడు నేనే వద్దంటున్నాను" అన్నాను. ఒక్కొక్కరితో మాట్లాడి, ముగ్గురి వరసా తిరగేయించేసరికి మూడున్నర అయింది.

మిగిలింది నూకరత్నం. "నీ ఫోనేదమ్మా?"

"నాన్నది సారూ."

"నాన్న ఏడీ?"

ఆ పిల్ల సముద్రం వైపు చూపించింది.

అటు చూశాను. నీళ్లు. ఇంకా చూశాను. ఇంకా నీళ్లు. వృక్షశాస్త్రం చదివినవాడికి అంత నీరు ఒక్కసారిగా చూస్తే ఏమీ తోచదు. నా ఫోన్లో ఓటీపీ కోసం నొక్కుతూనే ఉన్నాను. ఆ అంకెలన్నీ సిగ్నల్ అందని చోట దానయ్యను వెతుక్కుంటూ పోతున్నాయి.

"ఇన్ని కోర్సులుండగా మత్స్యశాస్త్రమే ఎందుకమ్మా?" అని అప్పుడు అడిగాను. దరఖాస్తు నింపే ముందు అడగాల్సిన మాట అది.

"మా తాతప్పుడు ఒడ్డు దగ్గిరే దొరికిన సేపలు ఇప్పుడు దొరకట్లేదు సారూ. నాన్న ఏటేటా ఇంకా లోపలికెల్తన్నాడు. అయెటెల్లిపోనాయో, ఎందుకెల్లిపోనాయో కనుక్కోవాల. కనుక్కుంటే నాన్న అంత దూరం ఎల్లక్కర్లేదు."

పదిహేడేళ్ల పిల్ల ఇంత పెద్ద సముద్రానికి ఒక ప్రశ్న వేసి జవాబు కోసం నిలబడితే, నేను ఆ ప్రశ్నను పదిహేడో అంకె కింద తొక్కిపెట్టాను.

నాలుగుంబావుకు గంగమ్మ నుదుట చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అదిగో, వత్తన్నాడు."

నాకు మూడు చుక్కలు కనిపించాయి. మూడూ ఒకేలా ఉన్నాయి. "ఏది మీది?"

"నడుమది."

"ఎలా తెలుసు?"

"మనిసికి నడకున్నట్టే తెప్పకీ ఉంటాది సారూ."

అప్పటికి తొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. నా క్లాసులో వెనక బెంచీ పిల్లవాణ్ని కూడా నేనలా గుర్తుపట్టలేను. ఆ చుక్క పెరిగి పడవై, అలమీద లేచి, మరో అల వెనక మాయమై, మళ్లీ లేస్తూ వస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాను. ఇంటికి రావడానికి మనిషి ఇంత పని చేయాలని నాకు అప్పటిదాకా తెలియదు.

పడవ ఒడ్డుకు తగలకముందే ఫోను తలపైకెత్తి పట్టుకుని, బూట్లతోనే నీళ్లలోకి దిగాను. దానయ్య నన్ను చూసి బెదిరిపోయాడు.

"ఏటైనాది సారూ? ఇంటికాడ ఎవులికి బాగులేదు?"

గంగమ్మ ఒడ్డు నుంచి కేక వేసింది. "అందరూ బాగున్నారు. సారుకే బాగులేదు."

ప్లాస్టిక్ కవరులోంచి ఫోను బయటికొచ్చింది. నేను పంపించిన పదకొండు ఓటీపీలూ ఒకదాని వెనకొకటి దిగాయి. అన్నిటికీ కాలం చెల్లిపోయింది. ఇంకొకటి అడిగాను. ఈలోగా ఒక అల నన్ను నడుము దాకా తడిపింది. దానయ్య అంకెలు ఒక్కొక్కటిగా చదివాడు. తడివేళ్లకు నా ఫోను పలకలేదు. నూకరత్నం దాన్ని నా చేతిలోంచి తీసుకుని ఓణీతో తుడిచి, నన్నొక్క మాట అడగకుండా, పదిహేడో దాన్ని మొదటికి తెచ్చింది. మిగతావాటిని తన ఇష్టప్రకారం సర్దింది. ఒకసారి పైనుంచి కిందికి చదువుకుని ఫ్రీజ్ నొక్కింది. ఐదింటికి పన్నెండు నిమిషాలుంది. ఆ కాసేపూ నేను సలహా ఏదీ ఇవ్వలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన అత్యుత్తమ సేవ అదే.

నూకరత్నానికి మొదటి ఆప్షనే వచ్చింది. డిగ్రీ అయిపోవస్తుండగా మొన్న నూకరత్నం ఫోన్ చేసింది.

"సారూ, పీజీకి ఆప్షన్లు పెట్టాల. మీరేటి పెట్టమంటారు?"

నా కళ్లు చెమర్చాయి. "ఇంత జరిగాక కూడా నన్నడుగుతున్నావా తల్లీ?"

"అమ్మే అడగమంది సారూ. మీరేది సెప్తే దాన్ని ఆకర్న పెట్టమంది."

కాబట్టి పలాస, బారువ ఉన్న మా ఉద్దానం ప్రజల ఎదుట, ఆ తడిసిపోయిన బూట్ల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. పిల్లలు తమకేం కావాలో చెబుతున్నప్పుడు, పెన్ను మూత తీసే ముందు నా నోటికి మూత పెట్టుకుంటాను. మధ్యాహ్నం శిక్షణ ఉన్న రోజున గుత్తివంకాయ ముట్టుకోను. రెండింటిలో మొదటిది తప్పకుండా పాటిస్తున్నాను.