కొత్త బోర్డు, పాత డిస్కు

మా ఆవిడ పోయిన ఎనిమిదో నెలలో ఇంట్లో కంప్యూటర్ ఆగిపోయింది. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఒకసారి ఆన్ చేసి, తెర వెలిగిందని చూసి, మళ్లీ ఆపేసేవాణ్ణి. ఊరికే పడి ఉంటే సముద్రం గాలికి లోపల తుప్పు పడుతుందని ఆమె తమ్ముడు హెచ్చరించాడు. అంతకుమించి దాంతో నాకు పని లేదు. ఒక ఆదివారం తెర వెలగలేదు.

అందులో ఆమె రాసుకున్నది ఉంది. ఏం రాసిందో నాకు తెలియదు. అది తెలియకపోవడానికి కారణం నేనే.

తొంభైల చివర్లో ఆ కంప్యూటర్ కొన్నాం. మద్దిలపాలెంలో షాపు పెట్టుకున్న ఆమె తమ్ముడే విడిభాగాలు తెచ్చి బిగించాడు. అక్కకి తెలుగు టైపింగ్ కూడా నేర్పాడు. నేను ఉక్కునగరం క్వార్టర్ నుంచి స్టీలు ప్లాంటు షిఫ్టుకి వెళ్లగానే ఆమె దాని ముందు కూర్చునేది. మొదట్లో ఒకసారి ఒక కాగితం ప్రింటు తీయించి నాకిచ్చింది. భీమిలి నుంచి వాళ్లమ్మ చేపల తట్టతో బస్సెక్కితే కండక్టర్ ఎక్కడ నిలబెట్టేవాడో, తట్టలో నీళ్లు కారకుండా ఆవిడ అడుగున ఏం పరిచేదో, అదీ విషయం. మా రెండు కుటుంబాల్లోనూ పుస్తకాలు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది. టీ తాగుతూ కాగితం చదివి, "ఇవన్నీ మనవాళ్లందరికీ తెలిసినవే కదా, ఎవరు చదువుతారు?" అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. కాగితం వెనక్కి తీసుకుని, "నువ్వు సదివినోడివి బావా. నీకు తెలుస్తాది" అంది.

తర్వాత నాలుగేళ్లు రాసింది. జబ్బు చేశాక కూడా, కూర్చోగలిగినన్నాళ్లూ రాసింది. నేను ఇంట్లోకి రాగానే ఫైలు మూసేసి అన్నం వడ్డించడానికి లేచేది. ఏం రాస్తున్నావని నేను అడగలేదు. అడిగితే ఆనాటి మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

ఆమె పోయాక చదువుదామనుకున్నాను. ఆదివారం ఆన్ చేయడం అందుకే. తెర వెలిగేది, నా చెయ్యి మౌసు దాకా వెళ్లేది కాదు. వచ్చే వారం చూద్దాంలే అనుకునేవాణ్ణి.

కంప్యూటర్ పెట్టెని స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని మద్దిలపాలెం తీసుకెళ్లాను. మా బావమరిది మూత విప్పి టార్చి వేసి చూశాడు. లోపలి మదర్‌బోర్డు మీద ఆకుపచ్చగా చిలుము పట్టింది. చిన్న చిన్న డబ్బాల్లాంటి ముక్కలు కొన్ని పైన ఉబ్బి, జిగురు కారాయి.

"బోర్డు పోనాది బావా. గాలి తినీసింది. అక్క రోజూ వాడినన్నాళ్లూ ఏటీ అవలేదు సూడు."

చివరి మాట నన్ను ఉద్దేశించి అనలేదని తెలుసు. అయినా తగిలింది.

ఆ రకం బోర్డులు అప్పటికే రావడం మానేశాయి. ఏదో ఆఫీసు కంప్యూటర్ నుంచి తీసిన వేరే కంపెనీ బోర్డు ఒకటి సంపాదించి, మరుసటి ఆదివారం రమ్మన్నాడు. పొద్దున బిగించి స్విచ్చి నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. మెమొరీ పలక ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో దాని పళ్లు రుద్ది మళ్లీ పెట్టాడు. ఒక పొడవాటి బీప్ వచ్చి ఆగిపోయింది. పక్క గాడిలో పెట్టాడు. అదీ లేదు. చివరికి బోర్డుని పెట్టెలోంచి బయటికి తీసి, అట్టముక్క మీద పరిచి కరెంటిచ్చాడు. వెంటనే తెర మీద అక్షరాలొచ్చాయి.

"అంటే బోర్డు మంచిదే. పెట్టెలో ఏటో తగులుతంది."

వెతికితే దొరికింది. పాత బోర్డుకి కింద ఆసరాగా బిగించిన ఇత్తడి మొల ఒకటి అలాగే ఉండిపోయింది. కొత్తదానికి ఆ చోట కన్నం లేదు. మొల వెనక నుంచి గుచ్చుకుని బోర్డుని పనిచేయనివ్వడం లేదు. దాన్ని విప్పి పారేశాడు.

పక్క జిరాక్స్ షాపాయన తొంగి చూశాడు. "ఏటి గురూ, పొద్దున్నుంచి ఆపరేషనేనా? పేషెంటు బతుకుతాడేటి?"

"ముందు నీ మిషన్లో ఆ నల్ల గీతలు తీయించుకోవయ్యా. నిన్న తీసిన రేషన్ కార్డులన్నీ మసి బొగ్గులు" అన్నాడు మా బావమరిది. ఇద్దరూ నవ్వారు. ఆ వెంటనే నా వైపు చూసి ఆపేశారు. ఆసుపత్రి వరండాలో నేను సరిగ్గా అదే ప్రశ్న వేరే మాటల్లో ఎంతమందిని అడిగానో వాళ్లకి తెలుసు.

ఈసారి తెర వెలిగింది. డిస్కు ఉన్నట్టు చూపించింది. విండోస్ బొమ్మ వచ్చింది, వచ్చినంత వేగంగా మాయమై మళ్లీ మొదటికి వెళ్లింది. ఏడెనిమిదిసార్లు అదే తంతు. సేఫ్ మోడ్‌లో పెట్టినా అంతే.

"డిస్కు బాగానే ఉంది బావా. దీనికి పాత బోర్డే అలవాటు. అత్తోరింట్లో దిగిన కోడలికి ఉప్పు డబ్బా ఏదో పప్పు డబ్బా ఏదో తెలీనట్టు, దీనికిప్పుడు ఏటీ తెలీట్లేదు. సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, అంతా తుడిసేసి, విండోస్ మళ్లీ ఎక్కించాల. డీలో ఉన్నయి అలాగే ఉంటాయి."

ఆ రోజుల్లో ఆ షాపుకి వచ్చిన వాళ్లందరికీ అతను చెప్పే మొదటి పాఠం అదే. డిస్కులో రెండు అరలు: సీ విండోస్‌కి, డీ మీకు. అక్కకీ అదే చెప్పాడు.

"అక్క రాసినయ్యన్నీ డీలోనే ఉన్నాయి కదా?" అని అడిగాడు.

నేను చూపు తెర మీదికి తిప్పుకున్నాను. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "అనుమానముంటే సెప్పు. డిస్కు ఇప్పి నా కంప్యూటర్‌కి తగిలిత్తాను. అరగంట పని. సూసుకునే సేద్దాం."

అరగంట. డిస్కు అతని తెర మీద తెరుచుకుంటుంది. అక్క రాసింది తమ్ముడు ముందు చూస్తాడు. ఏ ఫైలు బావా అని అడుగుతాడు. నాలుగేళ్లు ఒకే గదిలో ఆమె రాస్తుంటే ఒక్కసారి కూడా పక్కన కూర్చోలేదని అతనికి తెలిసిపోతుంది.

"చూశాను. డీలోనే ఉన్నాయి" అన్నాను.

అతను నమ్మాడు. నమ్మకపోవడానికి అతనికి కారణం లేదు.

విండోస్ ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. డీ డ్రైవ్ తెరిచాడు. పాటలున్నాయి. ఒక పెళ్లి ఫోటోలున్నాయి. అతను ఒక్కో ఫోల్డరూ తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఆమె అందరిలాగే మై డాక్యుమెంట్స్‌లో దాచుకుంది. అది సీలో ఉంటుంది. తమ్ముడి పాఠం ఆమె మరిచిపోయిందో, పట్టించుకోలేదో.

"నాను సంపీసాను బావా" అన్నాడు. "మల్లొకసారి సూసుకోవాల్సింది."

అప్పుడే చెప్పి ఉండవలసింది. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఓదార్చినట్టు.

ఏడాది దినం నాటికి విషయం బంధువులందరికీ తెలిసింది. భోజనాల దగ్గర వాళ్ల పెద్దమ్మ అతన్ని చూసి, "అక్క రాసుకున్నది కాపాడలేనోడివి, ఊరోల్ల కంప్యూటర్లేటి బాగు సేత్తావురా?" అంది. కొందరు నవ్వారు. అతను సాంబారు బకెట్ పట్టుకుని వరస చివరిదాకా వడ్డించుకుంటూ వెళ్లాడు. నా విస్తరి దగ్గర ఆగి, "ఇంకొంచెం ఏసుకో బావా" అన్నాడు. వేయించుకున్నాను. తిన్నాను.

ఆ తర్వాత రెండు నెలలకి మా క్వార్టర్‌కి వచ్చాడు. నా పెట్టెలో వేరే డిస్కు పెట్టి, పాతదాన్ని ఎప్పుడో తీసి దాచాడట. దొరికిన సాఫ్ట్‌వేర్లన్నీ దాని మీద ప్రయోగించాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో చెరిగిపోయినవి తిరిగి తీసేవాళ్లు ఎవరో ఉన్నారని తెలిసింది. డిస్కుని బట్టలో చుట్టి తెచ్చాడు.

"అన్నీ తీయలేరంట. వేల ముక్కలుంటాయి కదా. లోపల తెలుగు ఫాంటు, ఆల్లకి పిచ్చి గీతల్లా కనపడతాది. ఫైలు పేరు సెబితే ఎతుకుతారంట. అక్క ఏ పేరెట్టింది బావా?"

 అతను జేబులోంచి పెన్ను తీసి కాగితం మడత విప్పుకున్నాడు.

"సరిగ్గా గుర్తు లేకపోతే మొదటి రెండక్షరాలైనా పర్లేదు. డీలో సూశానన్నావు కదా."

"చూడలేదు" అన్నాను. "ఆ రోజు అబద్ధం చెప్పాను. ఆమె ఎక్కడ దాచేదో నాకు తెలియదు. పేరూ తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు."

అతను కాగితం మళ్లీ మడిచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పెన్నుకి మూత పెట్టాడు.

"పెద్దమ్మ అన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు" అన్నాడు.

"ఉన్నాను."

డిస్కుని మళ్లీ బట్టలో చుట్టాడు. నేను చెయ్యి చాచాను. ఎందుకు చాచానో తెలియదు. నా ఇంట్లోది, నా భార్యది అన్న అలవాటు కావచ్చు.

"ఇది మా అక్కది" అన్నాడు. "నా కాడే ఉంటాది."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. హైదరాబాద్ పంపాడో లేదో నాకు చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు.