క్యాసెట్ చూడకుండానే కేబుల్ కోశారు

ఈ ఉదయం కేబుల్ మనిషి నిచ్చెన వేసుకొని మా ఇంటి వైరు కత్తిరించాడు. మంచం దిగలేని మా అత్తగారు రోజూ చూసే పూజా కార్యక్రమం సగంలోనే ఆగిపోయింది.

"ఏటి బాబూ, ఎందుకు కోసేవు?" అని అడిగాను.

"మీరు సినిమాలు కాపీ తీసి పంచుతున్నారని కంప్లైంటొచ్చిందమ్మా. మీ బల్ల మీద కేసెట్టు సూసేరంట."

క్యాసెట్ మీద సినిమా పేరున్న మాట నిజమే. అది పాతది కదా అని, నిరుడు దాని మీదే మా గుడిలో సీతారాముల కల్యాణం రికార్డు చేయించాం. లేబుల్ మార్చలేదు.

"ఓసారి ఏసి సూడు నాయనా, దేవుడి పెళ్లి!"

"సూడ్డం మా పని కాదమ్మా. లిస్టులో పేరుంటే కొయ్యమన్నారు. ఈ ఈదిలోనే ఇంకా నాలుగిళ్లున్నాయి."

ఆ క్యాసెట్ నేను బయట పెట్టింది ఒక్కసారే. పోయిన శుక్రవారం భజనకు వచ్చిన ఎనిమిది మందికీ చూపిద్దామనుకున్నాను. కరెంటు పోయింది, వేయనే లేదు. వాళ్లు చూసింది లేబుల్ ఒక్కటే.

రేపు మళ్లీ శుక్రవారం. ఎనిమిది మందీ నవ్వుతూనే వస్తారు. అందులో ఒకరు ఇంకేం ఉందా అని నా బల్ల వైపు చూస్తారు. మీరైతే తలుపు తీస్తారా?