చూసేది వేరు, చెయ్యి పెట్టేది వేరు

ఉచితంగా ఇచ్చేది ఏదైనా నేను అటూ ఇటూ తిప్పి చూస్తాను. ఇది మా ఇంటి జబ్బు. వేలూరు పక్కన గుడియాత్తంలో మా నాయనకు బట్టల అంగడి ఉండేది. సొంత బావమరిది ఇచ్చిన నోటును కూడా ఆయన వెలుతురుకు పట్టి చూసేవాడు. బావమరిది మొహం మాడ్చుకుంటే, "నిన్ను గాదప్పా, నోటును చూస్తా ఉండా" అనేవాడు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి మా అక్కకూ నాకూ ఒంటికి పట్టిపోయింది: చదవలేని దాని మీద వేలు పెట్టకూడదు. సంతకమైనా అంతే, ముద్రైనా అంతే. కొరియర్ వాడు ఫోన్ చాచి ఇక్కడ వేలితో గీకమ్మా అన్నాడంటే, మా అక్క పైనుంచి కిందిదాకా చదివేవరకు వాడు గడపలో నిలబడాల్సిందే.

కంప్యూటర్లో నేను లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వాడేది కూడా ఆ అనుమానంతోనే. డబ్బిచ్చి కొన్న సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పరు. ఇందులో అయితే మూత తీసి చూసుకోవచ్చు. నేను చూడలేదనుకోండి, చూసినా అర్థం కాదు. చూడొచ్చు అన్న మాటే నాకు ధైర్యం. వేలూరులో చిన్నాచితకా ఆఫీసుల కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నాను. గుడియాత్తంలో అక్క కంప్యూటర్లో కూడా లినక్స్ ఎక్కించింది నేనే.

అక్క లుంగీలకు గళ్ళు గీస్తుంది. మా ఊళ్ళో లుంగీల నేత ఎక్కువ. వ్యాపారులకు ఎప్పటికప్పుడు కొత్త గళ్ళు కావాలి. ఏ రంగు దారం ఎంత వెడల్పు, దాని పక్కన ఏది రావాలి, అన్నీ కంప్యూటర్లో గీసి కాగితం తీసి మగ్గాలకు పంపుతుంది. ముందు గళ్ళ కాగితం మీద గీసేది. కళ్ళు లాగుతున్నాయంటే నేనే దీనికి మార్చాను.

ఎక్కడైనా చిక్కుకుంటే ఫోన్ చేసేది. ఇద్దరి దగ్గరా ఒక ప్రోగ్రాం పెట్టి ఉంచాను. అది తెరిస్తే వేలూరులో నా ముందు అక్క తెర కనిపించేది, ఇక్కడ నా మౌస్ కదిపితే అక్కడ బాణం కదిలేది. క్షణంలో సరిచేసేవాణ్ణి. కానీ సరిచేశాక కూడా నేను వెళ్ళేవాణ్ణి కాదు. మా అక్క ఫోన్లో మాట్లాడే మనిషి కాదు. బాగుండావా, బాగుండా, సరి, అంతే. అదే తెర మీద గళ్ళు పడుతుంటే మాత్రం మాటలు వాటంతటవే వచ్చేవి. చుట్టాల సంగతులు, మిద్దె కారుతున్న సంగతి, నాయన సంగతులు. నాయన పోయాక మా ఇద్దరినీ కలిపి ఉంచింది ఆ తెరే. అది పోతే పండగ ఫోన్లు తప్ప ఏమీ మిగలవని నాకు లోపల భయం.

అందుకే వేలాండ్ అనే పేరు విన్నప్పటినుంచీ నాకు పడలేదు. కంప్యూటర్లో తెర మీద బొమ్మ పెట్టే ఏర్పాటు ఒకటి ఉంటుంది. పాతది ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది. దాని బదులు ఈ వేలాండ్ తెచ్చారు. ఇందులో దూరంనుంచి తెర చూసే ప్రోగ్రాంలు పనిచేయవని చెప్పుకునేవాళ్ళు. లాగిన్ తెర మూలలో పళ్ళచక్రం బొమ్మ నొక్కితే పాతదా కొత్తదా అని అడిగేది. నేను ఏళ్ళ తరబడి పాతదాన్నే ఎంచుకుంటూ తప్పించుకున్నాను. కొత్తది బాగుంది, బాగుంది అని అంతమంది ఒకే మాట అంటుంటే నాకు అనుమానం ఇంకా పెరిగింది. ఒకరోజు కొత్త వెర్షన్ ఎక్కించి చక్రం నొక్కితే, పాతదాని పేరే లేదు. చెప్పాపెట్టకుండా ఎత్తేశారు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నా కంప్యూటర్లో ముందు పరీక్ష పెట్టాను. తెర మీద బాణం పెట్టిన చోట రంగు ఏదో చెప్పే ప్రోగ్రాం తన కిటికీ దాటి బయట ఎక్కడ పెట్టినా నలుపే చూపించింది. ఇదిగో దొరికిపోయావు అనుకున్నాను. ఎందుకిలా అని వెతికితే సంగతి తెలిసింది. పాత ఏర్పాటులో ఏ ప్రోగ్రామైనా తెరంతా చూడొచ్చట, పక్క ప్రోగ్రాంలో మనం ఏం టైపు చేస్తున్నామో కూడా వినొచ్చట. కొత్తదాంట్లో ఒక కిటికీ ఇంకో కిటికీలోకి తొంగి చూడాలంటే మనిషిని అడగాలి. మధ్యలో చీర అడ్డం కట్టిన ఉమ్మడి ఇంట్లోనుంచి గదికొక గొళ్ళెం ఉన్న ఇంట్లోకి మారినట్టు. మా నాయన కంప్యూటర్ చేసి ఉంటే ఇలాంటిదే చేసేవాడు. ఇన్నేళ్ళూ నేను అనుమానించాల్సినదాన్ని నమ్మి, నమ్మాల్సినదాన్ని అనుమానించాను. అయినా నాకు దాని మీద మనసు రాలేదు.

అక్క కంప్యూటర్ కూడా మార్చక తప్పలేదు. పళ్ళికొండ మీదుగా పోయే బస్సెక్కి వెళ్ళి, మధ్యాహ్నం కూర్చుని మార్చాను. అక్క కళ్ళద్దాల మీదనుంచి చూస్తూ నిలబడింది.

"ఏం మార్చినావు?"

"లోపలే అక్కా. నీకేం తెలియదు."

"నాకు తెలియకుండా మార్చేదేందిరా?" అంది. నవ్వి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. నీలం గీత ఒకటి పక్కకు జరిగిపోయి కూర్చుందట. నేను ప్రోగ్రాం తెరిచాను. నా వైపు తెర రాలేదు.

"ఒరే, ఏందో పెట్టె వచ్చి నిలబడి ఉండాది. కింద రెండు బటన్లు."

"కుడిపక్కది నొక్కక్కా."

"ఏం రాసుండాది?"

నువ్వే చదువు అనబోయి ఆగిపోయాను. అక్క కంప్యూటర్లో ఉన్నవి తెలుగు అక్షరాలు. మా ఇంట్లో మాట తెలుగే, బడి మాత్రం అరవం. చిన్నప్పుడు మాకెవరికీ తెలుగు చదవడం రాలేదు. నేను పెద్దయ్యాక చిత్తూరు బస్సుల బోర్డులు చూసి చూసి నేర్చుకున్నాను. ఆ కొత్త మురిపెంలో, మన మాట మన అక్షరాల్లోనే ఉండాలని, అక్క కంప్యూటర్ మొత్తం తెలుగులో పెట్టాను. ఆమె ఒక్క మాట అనలేదు. బొమ్మలూ చోట్లూ గుర్తుపెట్టుకుని ఇన్నేళ్ళు పని చేసుకుంది.

"నేను చెప్తా ఉండా గదా, నొక్కు."

"నువ్వు చెప్పినావని నొక్కితే నాయన ఒప్పుకొంటాడా?" అంది. మళ్ళీ తనే, "మునుపు ఈ పెట్టె రాలేదే. మరి అప్పుడు ఎట్ల వస్తా ఉంటివి?"

"అప్పుడు అడగాల్సిన పని లేదక్కా. పాతదాంట్లో నేరుగా వచ్చేయొచ్చు."

"అంటే నేను పిలవనప్పుడు గూడా రావచ్చునా?"

"రావచ్చు. నేను రాలే."

"రాలేదని నాకెట్ల తెలుస్తాది?"

ఒక్కసారి కూడా పిలవకుండా వెళ్ళలేదు, అది నిజం. కానీ ఆ నిజాన్ని వెలుతురుకు పట్టి చూపించడం ఎలా? లోకంలో అందరినీ అనుమానించే నన్ను మా అక్క అనుమానించింది. ఒళ్ళు మండిపోయింది. "సరే, నీ గీత నువ్వే సరి చేసుకో" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

అక్క మళ్ళీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఆ పెట్టె రాకుండా, అడగకుండా లోపలికి పోయే దారి ఒకటి ఉందని నాకు తెలుసు. ఏదో సాకు చెప్పి వెళ్ళి ఒక సెట్టింగు మార్చి వస్తే చాలు. ఆ ఆలోచనతో రెండుసార్లు బస్‌స్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. అలా చేస్తే ఆమె అనుమానం నిజమైపోతుంది.

చివరికి ఇంకో పనికి వెళ్ళాను. కే.వి.కుప్పం దారిన బస్సులో వెళ్ళి, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, కంప్యూటర్ మొత్తం అరవంలోకి మార్చాను. మెనూ తెరిచిన ప్రతిసారీ ఆమె ముందుకు వంగి పైకి చదివింది. గీసినదాన్ని దాచిపెట్టే సేవ్ బటన్ దగ్గర ఆగి, అరవంలో 'సేమి', అంటే దాచు, అని చదివి నవ్వేసింది. "ఓ, దీని పేరు సేమీనా? నేను సున్నం డబ్బీ బొమ్మ అనుకుంటా ఉంటి." నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో ఇంత చిన్న సంగతి అడగాలని నాకు ఎందుకు తోచలేదో అని బాధ వేసింది. అన్నం తినిపోరా అంటే తిని వచ్చాను.

ఆ వారమే ఫోన్ వచ్చింది. నేను తలుపు తట్టినట్టు ప్రోగ్రాం తెరిచి కాచుకున్నాను. అవతల అక్క ఒక్కో మాటా కూడబలుక్కుని అరవంలో చదువుతోంది. ఎవరో నీ తెర చూడాలంటున్నారు, ఒప్పుకుంటావా అని.

"ఎవురది?" అంది కావాలనే.

"నేనే అక్కా."

"కింద ఇంకొకటి ఉండాది. వాళ్ళు నీ మౌస్ కదిలించొచ్చునా అని వేరే స్విచ్. చూసేది వేరే, చెయ్యి పెట్టేది వేరేనా?"

"రెండూ నొక్కు."

క్లిక్ వినిపించింది. నా ముందు తెర వచ్చింది. ఎరుపూ ఆకుపచ్చా గళ్ళు, మధ్యలో వంకరగా నీలం గీత. ప్రాణం లేచి వచ్చింది. మౌస్ పట్టుకుని గీత దగ్గరికి లాగాను. అక్కడి బాణం కదల్లేదు. మళ్ళీ లాగాను.

"అక్కా, కింది స్విచ్ నొక్కలేదు నువ్వు."

"తెలుసు."

మెల్లగా చెప్పింది. "మునుపు నేను గీస్తా ఉంటే ఆ బాణం దానంతట అదే పరిగెత్తేది. నువ్వే అని తెలుసు. అయినా ఒళ్ళు ఝల్లుమనేది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకొని కూర్చొనేదాన్ని, నీ పని అయ్యేదాకా. నువ్వు చూడు నాయనా. యాడ తప్పుండాదో చెప్పు. గీసేది నేను గీస్తా."

వేలూరునుంచి నాకు బాణం ఒక్కటే కనిపించేది. ఆ చెయ్యి ఏనాడూ కనిపించలేదు.

"నీలం గీత మొదలు పట్టుకో" అన్నాను. బాణం నెమ్మదిగా కదిలింది. గీతను దాటిపోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది, పట్టుకుంది. "ఇంకా ఎడమకా?" అంది. "ఇంకొంచెం" అన్నాను. ఆ నిదానానికి నా వేళ్ళు ఆగలేకపోతున్నాయి, ఊరికే మౌస్‌ను అటు తోస్తున్నాయి.

చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.