ఖాలా రుచి చూసిన నీళ్లు

ఎదురింటి ఖాలా పోయిందని పొద్దున్నే చెప్పారు. మా జమ్మలమడుగు వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఖాలానే, అంటే పిన్నమ్మే. వినగానే ఏడ్చాను. ఆ ఏడుపులోనే, రేపు కొళాయి వస్తే నీళ్లు రుచి చూసేదెవరని కూడా అనుకున్నాను.

మా వీధి పద్ధతి అది. దినం తప్పించి దినం కొళాయి వస్తుంది. మొదట అన్నీ తుప్పు నీళ్లు. ఖాలా మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, దోసిట్లో పట్టి, ఒక గుక్క పుక్కిలించి ఊసేది. "ఆగండమ్మా, ఇంకా తుప్పు పోలా" అనేది. అంతే, బిందెలన్నీ ఆగేవి. రెండో గుక్క మింగిందంటే పట్టుకోవచ్చని లెక్క. తన బిందె మాత్రం అందరి తర్వాతే పెట్టేది.

నాకు ఒళ్లు మండేది. దాచుకోవడమెందుకు, అసూయే. ఇంట్లో నీళ్లు శుద్ధి చేసే మిషను పెట్టించి, ఊరికే పట్టుకోండని వీధంతా పిలిచాను. వచ్చారు, తాగారు. "సప్పగుండాయి వదినా, దప్పి తీరలా" అని ఎదురింటికి పోయి ఖాలా కడవలో ముంచుకు తాగారు. చేను నుంచి వచ్చిన మా ఆయన కూడా చెప్పులు ముందు అక్కడే విడిచేవాడు. నా నీళ్లు బాగున్నాయని ఈ వీధి ఒక్కసారి అంటే చాలనుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నీ కడవలోవీ కొళాయి నీళ్లే కదా ఖాలా, అంత రుచి యాడిది?"

"రుచి యాడిదే పిచ్చిదానా! నేను తాగినాకనే వాళ్లకిస్తాండా. ఆ ధైర్యమే వాళ్లకు రుచి" అని నవ్వి, నాకూ ఒక గ్లాసు ముంచిచ్చింది. తాగాను. శానా బాగున్నాయి. దాంతో ఇంకా మండింది.

నాకు కామెర్లు వచ్చినప్పుడు నీళ్లు కాచి, చల్లార్చి, రోజూ చెంబుతో తెచ్చింది కూడా ఆమే. కుళ్లుకుంటూనే తాగాను, లేచి తిరిగాను.

ఖాలాకు మట్టి ఇచ్చిన మరునాడు కొళాయి వచ్చింది. అందరూ బిందెలతో నిలబడ్డారు. నీళ్లు కాలవలోకి పోతున్నా ఎవరూ పట్టడం లేదు. చివరికి ఒకామె, "నువ్వు చూడు వదినా" అంది.

ఇన్నేళ్లూ నేను కోరుకున్న మాట. దోసిలి పట్టాను. ఒక గుక్క పుక్కిలించి ఊశాను, రెండోది మింగాను. "బాగుండాయి, పట్టుకోండి" అన్నాను.

ఒక్కరూ బిందె పెట్టలేదు. అందరూ ఎదురింటి గడప వైపే చూస్తున్నారు. పోయినా ఆమె మాట కోసమే ఆగారు కదా అని కడుపు మండింది. నీళ్లు పోతూనే ఉన్నాయి. నేనూ అటే చూస్తూ నిలబడ్డాను.