చిన్నవాటి మీదికి వెళ్లని చెయ్యి

బకీజియో తాతకు రెండు గొప్పలు. ఒకటి, ఆ సార్డీనియా దీవి ఒడ్డున తనంతసేపు ఊపిరి బిగబట్టి మునిగేవాడు లేడని. రెండోది, బుద్ధెరిగాక పిల్ల ముళ్లబంతి మీద చెయ్యి వేయలేదని. మొదటిది అబద్ధం. గురక మధ్యలో తప్ప ఆయన ఊపిరి అంతసేపు ఆగడం ఇంట్లో ఎవరూ చూడలేదు. రెండోది నిజం. కొంప ముంచింది ఆ నిజమే.

సముద్రంలో రాళ్లను కరుచుకుని ఉండే ఆ గుండ్రటి ముళ్ల జీవులు, ముళ్లబంతులే, ఊరికి చలికాలపు కూడు. వాటిని చీల్చి, లోపలి నారింజరంగు గుడ్లను రొట్టె మీద వేసుకుని తింటారు. బాగా తగ్గిపోయాయని సర్కారువాళ్లు వేట ఆపేశారు. ఈసారి కొలిచి చూసి, బాగుంటే తెరుస్తామన్నారు. కొలవడానికి పట్నం నుంచి నోయెమి అనే చదువుకున్న అమ్మాయి వచ్చి, రాళ్ల సంగతి తెలిసిన మనిషి తోడు కావాలంది. ఊరంతా తాతను ముందుకు తోసింది.

"మా పొయ్యి నీ చేతుల్లో పెట్టాంరా," అన్నాడు పడవలో ఆయన జతగాడు ఆంతియోకో. "కాస్త పెద్దచెయ్యి చేసుకుని కొలువు."

"నీ పొట్టలాగా వాటినీ ఊదమంటావా? ఉన్నది ఉన్నట్టే కొలుస్తా."

నోయెమి పని చెప్పింది. అడుగున చదరపు చట్రం పెట్టాలి. అందులో ఉన్నవాటి పెంకు వెడల్పును, ముళ్లు వదిలేసి, కొలతగీతలున్న పటకారుతో కొలిచి పలక మీద రాయాలి. "అన్నీ, బాబాయ్. మిరియపు గింజంత ఉన్నా సరే."

"సరేలేమ్మా."

లోతు నీళ్లు ఆమె తీసుకుంది. ఒడ్డు దగ్గరి రాళ్లు తాతకు వచ్చాయి. ముళ్లబంతి పిల్లలుండేది అక్కడే, రాళ్ల కింద, సందుల్లో. తాత దొంగలెక్క ఒక్కటీ రాయలేదు. కానీ పెద్దది కనిపిస్తే ముందుకు సాగడం, చిన్నది కనిపిస్తే తప్పుకోవడం ఆ చేతికి జన్మకంతటికీ పట్టిన అలవాటు. పిల్లలున్న రాయిని కదపడం పాపమని ఆయన తండ్రి చెంప పగలగొట్టి మరీ నేర్పాడు. తాత ఒక్క రాయి కూడా కదపలేదు.

తీర్పు వచ్చింది. పెద్దవి ఉన్నాయి, పిల్లలు లేవు, అంటే వంశం ఆగిపోతోంది. ఇంకో మూడేళ్లు వేట లేదు.

తాత నమ్మలేదు. తెల్లారగానే మునిగి ఒక రాయి ఎత్తాడు. కింద కోటు గుండీలంత పిల్లలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. ఇంకో రాయి ఎత్తాడు. అక్కడా అంతే. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ కనపడదు, అదొక్కటే మేలు.

ఒడ్డుకు వచ్చి నోయెమికి ఫోను చేసి చెప్పాడు. "నేను మీ పక్కనే ఉండాల్సింది, బాబాయ్. ఇప్పుడు ఉన్నాయంటే వేట కోసం అంటున్నారనుకుంటారు. మళ్లీ కొలిచేదాకా ఆగాల్సిందే."

"అప్పటికి మీరు కొలవాల్సింది నన్ను, శవపేటిక చేయించడానికి."

ఆంతియోకోకు తాతే వెళ్లి చెప్పాడు, ఏమీ దాచకుండా.

"అంటే ఉన్నాయి. నువ్వు చూడలేదు."

"చూసే ఉంటాను. చెయ్యి వెళ్లలేదు."

"దొంగచాటుగా పిల్లల్ని ఏరుకున్న చెయ్యి నాది. కొలవడానికి దాన్ని పంపినా ఊరు బతికేదిరా," అన్నాడు ఆంతియోకో. ఆ నెలలోనే పడవ అమ్మేసి, సముద్రం అవతల ఏదో హోటల్లో గిన్నెలు తోమడానికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు తాత గుమ్మం ముందు నుంచే నడిచాడు గాని తల తిప్పలేదు.

వేట ఇంకా తెరవలేదు గాని, తాత ఇప్పటికీ మునుగుతాడు. ఆ గుండీలు పెరిగి పిడికిలంత అయ్యాయి. వాటిని చూడగానే చెయ్యి దానంతటదే ముందుకు సాగుతుంది. దాన్ని రెండో చేత్తో పట్టి వెనక్కి లాక్కుని, ఉత్త చేతులతో పైకి వస్తాడు.